అమూల్య ఇంట్లో లేదు

బైకు దిగిన మనిషి పైన గళ్ళ చొక్కా వేసుకున్నాడు గానీ కింద ఖాకీ ప్యాంటూ, గోధుమరంగు బూట్లూ ఉన్నాయి. రామాయమ్మకు అవి చాలు. వసారాలో మంచం మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆమె, అతను గేటు గడియ తీసేలోపే మొహాన్ని అమాయకంగా మార్చేసుకుంది.

“అమూల్య అంటే ఈ ఇంట్లోనే గదమ్మా?” అన్నాడతను.

“ఏ అమూల్య బాబూ?”

“లక్ష్మీనారాయణ గారి అమ్మాయి.”

“ఓ, మా మనవరాలా! అదిక్కడ ఉండట్లేదయ్యా. పెళ్ళి చేసి పంపిచ్చాం. నూజెండ్ల ఇచ్చాం.”

పెరట్లో బట్టలు ఉతుకుతున్న కోడలు హైమావతి ఆ మాటలు విని సబ్బు చేతులతోనే వచ్చింది. ఖాకీ ప్యాంటు కనిపించగానే గుమ్మంలో ఆగిపోయింది. మేడ మీద గదిలో కూతురు అమూల్య ఉంది. ఫ్యాను ఆపుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, ఫోనులో ఏదో చదువుతూ గొంతు రికార్డు చేసుకుంటోంది. పైనుంచి ఒక్కసారి ‘అమ్మా, మంచినీళ్ళు’ అని కేకేసిందంటే అయిపోయినట్టే.

“నా పేరు దేవానందం అండీ. బెల్లంకొండ స్టేషన్‌లో కానిస్టేబుల్ని,” అన్నాడతను ఆమె వైపు తిరిగి. “అమ్మాయి ఇక్కడ ఉండట్లేదంటున్నారు పెద్దావిడ.”

“అవునండీ. మా అత్తయ్య చెప్పింది నిజమే,” అంది హైమావతి.

“అడ్రసు మాత్రం ఇదే ఇచ్చారే.”

“పాతదయ్యుంటది,” అని రామాయమ్మ అందుకుంది. “ఆధారు కార్డులో మార్పిచ్చుకోమని చెప్పాం. ఈ కాలం పిల్లలు వింటారా?”

“మళ్ళీ ఎప్పుడొస్తారు?”

“కాన్పుకి వస్తదేమోనయ్యా. ఇంకా విశేషమేం లేదు.”

హైమావతి అత్తగారి వైపు చూడలేకపోయింది. లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. దేవానందం తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, చేతిలోని ట్యాబులో ఏదో నొక్కుకున్నాడు. తర్వాత నేరుగా ఎదురింటికి నడిచాడు.

ఎదురిల్లు బ్రహ్మానందానిది. అతనిది అవతలి పార్టీ. పోయిన పంచాయతీ ఎన్నికల్లో పోలింగు బూత్ దగ్గర అతనూ, లక్ష్మీనారాయణా చొక్కాలు పట్టుకున్నారు. అప్పటినుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. హైమావతి తలుపు చాటున నిలబడి చెవులు రిక్కించింది. ఆ పిల్ల మేడ మీదే ఉంది, ఇప్పుడే డాబా మీద తిరుగుతుంటే చూశానని అతను ఒక్క మాటంటే చాలు.

“ఆ పిల్లని చూసి చానా నాళ్ళయిందండీ,” బ్రహ్మానందం గొంతు స్పష్టంగా వినిపించింది. “పెళ్ళయినట్టే గుర్తు.”

“మీరు పెళ్ళికి వెళ్ళారా?”

“మమ్మల్ని పిలవలా. మాకూ వాళ్ళకూ మాటల్లేవు.”

దేవానందం బండి మలుపు తిరిగాక గానీ హైమావతి అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ ఊళ్ళో అది ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన పద్ధతి కాదు. ఖాకీ బట్టలేసుకున్న మనిషి ఎవరి పేరైనా అడిగితే ఆ పేరుగలవాళ్ళు ఊళ్ళో ఉండరు. రామాయమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఊరు రెండుగా చీలి కొట్టుకునేది. ఆమె భర్త పొలంలో మంచె మీద ఉంటే, ఆయన కాశీ వెళ్ళాడని ఇన్‌స్పెక్టరుకు చెప్పి నమ్మించిన మనిషి ఆమె. పార్టీలు మారాయి, జెండాలు మారాయి. పద్ధతి మాత్రం మారలేదు. ఎదుటి పార్టీ వాడైనా సరే, పక్కింటివాడిని పోలీసుకు పట్టివ్వడం తప్పు. తర్వాత కావాలంటే వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు.

అయితే హైమావతి భయం పాతది కాదు. లక్ష్మీనారాయణ తమ్ముడి కొడుకు సందీప్ రెండేళ్ళ కిందట ఫోనులో ఎవరో నాయకుడి మీద ఏదో రాశాడు. రాయడం కూడా కాదు, ఎవరో రాసింది ముందుకు పంపాడు. పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. ఆ కుర్రాడు ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు. అప్పటినుంచి హైమావతికి ఫోనంటేనే వణుకు. కూతురు చదివిందేమో ఆ ఫోను చదువే.

ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

“ఏమే, ఏం పెట్టావే ఫోన్లో?”

అమూల్య చెవుల్లోంచి వైర్లు తీసింది. దుప్పట్ల వేడికి మొహమంతా చెమట. “ఏం పెట్టా? ఏమీ పెట్టలా. ఏమైంది?”

“పోలీసాయనొచ్చాడు. నీ పేరు చెప్పి అడిగాడు.”

అమూల్య భయపడలేదు. ఆమె మొహం వెలిగిపోయింది. “వచ్చాడా? ఏడీ? కిందున్నాడా?” అంటూ చున్నీ వెతుక్కుంది.

“వెళ్ళిపోయాడు.”

“వెళ్ళిపోవటమేంది? నన్ను పిలవకుండా?”

“నువ్వు లేవని చెప్పాం.” అంటుండగానే హైమావతికి తన మాట తనకే తేడాగా వినిపించింది.

“వెరిఫికేషన్ అమ్మా అది! నా ఉద్యోగం వెరిఫికేషన్! నీకు చెప్పాగా, అదొక్కటే మిగిలిందని!”

చెప్పింది నిజమే. వెరిఫికేషన్ అంటే సర్టిఫికెట్లు చూస్తారు కాబోలని హైమావతి అనుకుంది. బీరువాలోంచి మార్కుల జాబితాలన్నీ తీసి, మడతలు పోయేలా పరుపు కింద కూడా పెట్టింది. ఇంటికి మనిషొస్తాడనీ, ఆ మనిషి పోలీసనీ ఆమెకు తెలియదు.

“ఏమని చెప్పారు? ఊరెళ్ళానని చెప్పారా?”

“పెళ్ళయిందని,” అంది హైమావతి.

“నాకా?”

“నూజెండ్లలో.”

అమూల్య మంచం మీద కూలబడింది.

*

ఆ ఉద్యోగం ఎందుకంత ముఖ్యమో ఆ ఇంట్లో అందరికంటే హైమావతికే బాగా తెలుసు. అమూల్య గుంటూరులో కమ్యూనికేషన్, డిజిటల్ మీడియా అనే ఎం.ఏ. చదివింది. మీడియా అనగానే లక్ష్మీనారాయణ ఊరంతా చెప్పుకున్నాడు. చదువైపోయిన దగ్గర్నుంచి చుట్టాలు టీవీలో ఎప్పుడు కనిపిస్తావని అడగడం మొదలుపెట్టారు. టీవీలో కనిపించేవాళ్ళు నలుగురైతే వెనక పనిచేసేవాళ్ళు నలభై మంది ఉంటారని ఆ పిల్ల చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

మొదట నరసరావుపేటలో ఓ యూట్యూబ్ ఛానల్లో చేరింది. వార్తల కింద భయంకరమైన హెడ్డింగులు పెట్టడం అక్కడ పని. కాలువలో పడి లేచి, బట్టలు పిండుకుని ఇంటికెళ్ళిన మనిషికి ‘విషాదాంతం’ అని పెట్టమన్నారు. పెట్టనని వచ్చేసింది. తర్వాత ఓ ఆసుపత్రికి వీడియోలు చేసింది. మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకున్న ముసలివాళ్ళను కెమెరా ముందు ఏడిపించమన్నారు. నొప్పి తగ్గినవాళ్ళు ఎందుకేడుస్తారని అడిగితే, నీకు ఈ ఫీల్డు పనికిరాదన్నారు. ఆ తర్వాత పెళ్ళిపత్రికల వీడియోలు. ఆ సీజను కూడా అయిపోయింది.

అప్పుడు లక్ష్మీనారాయణ ఓ మాట మోసుకొచ్చాడు. పార్టీ మండల నాయకుడు తమ సోషల్ మీడియా పేజీ నడిపేందుకు చదువుకున్నవాళ్ళ కోసం చూస్తున్నాడట. మన అమ్మాయి ఉందిగా అని ఈయన మాటిచ్చేశాడు. హైమావతికి ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. పేజీ అంటే పోస్టులు. పోస్టులంటే సందీప్. ఆడపిల్ల వాయిదాలకు తిరుగుతుంటే ఎలా ఉంటుందో ఆమె కళ్ళ ముందు మెదిలేది.

ఈలోపు విజయవాడలో ఓ ప్రభుత్వ సంస్థలో ఉద్యోగానికి ప్రకటన పడింది. రైతులకు చిన్న చిన్న వీడియోలూ, ఫోనుకు వచ్చే గొంతు సందేశాలూ తయారు చేసే పని. తామర పురుగు వస్తే ఏం చేయాలి, ఏ మందు ఎంత కలపాలి, వాన ఎప్పుడు పడొచ్చు. అవన్నీ శాస్త్రవేత్తలు చెప్తారు. వాళ్ళ భాషను మనుషుల భాషలోకి మార్చి, రాసి, చదివి, బొమ్మ కట్టాలి. అమూల్య పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకి వెళ్ళింది, సెలెక్టయింది. ఎన్నికలొచ్చేలోగా ఉద్యోగంలో చేరితే తాను పేజీ ఊసెత్తనని లక్ష్మీనారాయణ ఒప్పుకున్నాడు.

ఇప్పుడేమో పోలీసు రికార్డులో ఆ పిల్ల ఈ ఇంట్లోనే లేదు. ఇచ్చిన అడ్రసు అబద్ధమైతే ఉద్యోగం రద్దు చేస్తామని ముందే రాసిచ్చారట.

“నేనేం చేశానే? నీ మంచికే గదా చెప్పింది,” అని రామాయమ్మ కింద నుంచి గొణుగుతోంది. “ఆ పోలీసోడైనా, ఉద్యోగం కోసమని ముందే చెప్పొద్దూ?”

“నువ్వు చెప్పనిస్తేగా నాయనమ్మా! కాన్పు దాకా వెళ్ళిపోయావు.”

లక్ష్మీనారాయణ పొలం నుంచి వచ్చి విషయమంతా విన్నాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, “సర్లే, ఏం జేస్తాం. రాసిపెట్టి లేదు,” అన్నాడు. “ఇంట్లో ఉండి పేజీ చూసుకుంటే సరిపోయె. విజయవాడలో ఆ హాస్టల్ కూడు తప్పుద్ది.”

“నువ్వింకేం మాట్లాడమాక,” అంది హైమావతి.

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె ఆ గొంతుతో మాట్లాడటం ఆయన వినలేదు. తువ్వాలు అలాగే మొహం మీద ఉంచుకున్నాడు.

“స్టేషనుకు పోదాం పదండి, నిజం చెప్పేద్దాం,” అంది అమూల్య.

“మనం చెప్తే ఎవురు నమ్ముతారే? మొదట చెప్పింది మనమేగా,” అంది హైమావతి. “ఎదురింటాయన కూడా అదే చెప్పాడు. ఆయనొచ్చి చెప్తే నమ్ముతారు.”

“వాడి గడప తొక్కుతావా?” అన్నాడు లక్ష్మీనారాయణ తువ్వాలు లోపలినుంచి.

హైమావతి అప్పటికే వీధి దాటుతోంది.

*

బ్రహ్మానందం అన్నం ముందు కూర్చున్నాడు. గుమ్మంలో హైమావతిని చూసి ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. అతని భార్య ఎస్తేరు మాత్రం నిన్న కూడా వచ్చిపోయినట్టు పీట వాల్చింది. ఎస్తేరు వేరే కులం, వేరే దేవుడు. ప్రేమించి చేసుకున్నాడు. ఆ పెళ్ళప్పుడు ఊళ్ళో ముందుగా వాళ్ళింటికి భోజనానికి వెళ్ళింది రామాయమ్మే. ఆ సంగతి ఏ పార్టీ గొడవలోనూ ఎవరూ ఎత్తరు.

“అన్నయ్యా,” అంది హైమావతి, పీట మీద కూర్చోకుండానే. “పొద్దున పోలీసాయనకి అట్టా ఎందుకు చెప్పావు?”

“మీ అత్త చెప్పింది వినపడింది గదమ్మా. ఆమె ఒకటి చెప్తే నేనొకటి చెప్పనా? మీవోడితో నాకు పడదు, నిజమే. అట్టని పిల్లను పట్టిస్తానా?”

“పట్టిచ్చుంటే బాగుండేది.”

ఆమె జరిగిందంతా చెప్పింది. అతను నోరు తెరిచి విన్నాడు. విని, ముద్ద కంచంలో పెట్టేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎస్తేరు కొంగు అడ్డం పెట్టుకుంది. హైమావతికి ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఏడవమాకమ్మా,” అన్నాడు బ్రహ్మానందం కంగారుగా. “వస్తా. అన్నం తినేసి వస్తా. మీవోడు మాత్రం రాకూడదు. ఆయనా నేనూ ఒకే ఆటోలో స్టేషనుకు పోతే, ఊళ్ళో మళ్ళీ గొడవైందనుకుంటారు.”

*

ఆటోలో నలుగురు ఎక్కారు. రామాయమ్మను వద్దన్నా వినలేదు. చెప్పింది నేను, మార్చేది నేనేనని పట్టుబట్టి, ఉతికిన చీర కట్టుకుని ముందే వచ్చి కూర్చుంది.

స్టేషన్లో దేవానందం వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. చూపు అమూల్య దగ్గర ఆగింది.

“ఈమేనా?” అన్నాడు.

“ఈమేనయ్యా,” అంది రామాయమ్మ.

“నూజెండ్ల నుంచి ఇంత త్వరగా వచ్చేశారే!”

అతను తల అడ్డంగా ఊపుతూ లోపలికి తీసుకెళ్ళాడు. ఎస్సై చిన్న వయసు ఆవిడ. బల్ల మీద టీ చల్లారిపోతోంది. దేవానందం చెప్పింది విని, ఆమె అమూల్యను అడిగింది.

“మీకు పెళ్ళయిందా?”

“లేదు మేడమ్.”

“ఈ అడ్రసులోనే ఉంటున్నారా?”

“పుట్టినప్పటి నుంచి మేడమ్. చదువుకునేటప్పుడు మాత్రం హాస్టల్లో ఉన్నా.”

ఎస్సై రామాయమ్మ వైపు తిరిగింది. “మరి అబద్ధం ఎందుకు చెప్పారమ్మా?”

“అబద్ధం కాదమ్మా,” అంది రామాయమ్మ. “అలవాటు.”

ఎస్సై నవ్వు ఆపుకుందో, కోపం ఆపుకుందో హైమావతికి తెలియలేదు. “దేవానందం, ఆ రిపోర్టు పంపించేశామా?”

“పొద్దున్నే ఎక్కిచ్చా మేడమ్.”

“జిల్లా ఆఫీసుకి వెళ్ళిపోతే ఇక నా చేతుల్లో ఉండదు,” అందామె, కంప్యూటరు వైపు కుర్చీ తిప్పుకుంటూ.

హైమావతి బల్ల అంచు పట్టుకుంది. తెర మీద చిన్న గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. అమూల్య తల్లి చెయ్యి వెతికి పట్టుకుంది. కూతురి చెయ్యి చల్లగా ఉంది. ఇంటర్వ్యూ రోజున కూడా తన కూతురు ఇంత భయపడలేదని హైమావతికి అనిపించింది. ఇంతకాలం తన భయంలో తాను పడి, ఈ పిల్లకు ఈ పని ఎంత కావాలో చూడలేదని కూడా అనిపించింది.

“వెళ్ళలేదు,” అంది ఎస్సై. “పొద్దున్నుంచి సర్వర్ లేదు. ఇక్కడే ఆగింది.”

కరెంటాఫీసులో, బ్యాంకులో, రేషన్ షాపులో సర్వర్ లేదన్నప్పుడల్లా హైమావతి ఎన్ని మాటలందో! ఇప్పుడు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఎస్సైకే పెట్టింది.

“ఇంకా అయిపోలేదమ్మా. చుట్టాలు కానివాళ్ళెవరైనా చెప్పాలి.”

“నేను చెప్తానండీ,” అని బ్రహ్మానందం ముందుకొచ్చాడు.

“మీరు పొద్దున ఈ అమ్మాయికి పెళ్ళయిందన్నారు కదా?”

“అన్నానండీ. తప్పే. ఆ పిల్ల మా ఎదురిల్లే. అంగన్‌వాడీకి మా అమ్మాయీ, ఆ అమ్మాయీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పోయేవాళ్ళు. మంచి పిల్ల. ఎవరి జోలికీ పోదు.” అతను కాస్త ఆగాడు. “వాళ్ళ నాన్న సంగతి మాత్రం నన్ను అడగొద్దు.”

ఈసారి ఎస్సై నిజంగానే నవ్వింది. తర్వాత అమూల్యను ఆ ఉద్యోగమేమిటని అడిగింది. అమూల్య చెప్పడం మొదలుపెట్టింది. రైతులకు వచ్చే సందేశాలు ఎలా ఉంటాయో, అందులో సగం మాటలు ఎందుకు అర్థం కావో, వాటిని ఎలా మార్చాలో చెప్పింది. ఆ మాటల్లో పడి తానెక్కడ కూర్చుందో మర్చిపోయింది. మాటలు తడబడటం లేదు. కూతురు ఏం చదివిందో హైమావతి మొదటిసారి పూర్తిగా వింది. పోలీసు స్టేషన్లో కూర్చుని వింటానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

“మా నాన్నకు అట్లాంటి ఫోన్లు వస్తే కట్ చేస్తారు,” అంది ఎస్సై. “ఇకనుంచి వినమంటాను. దేవానందం, సాయంత్రం మళ్ళీ వెళ్ళి, అమ్మాయిని ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీసుకో. ఈసారి మజ్జిగ తాగి వచ్చేయకు.”

*

సాయంత్రం దేవానందం బండి ఆగేసరికి వీధిలో సగం జనం గేటు ముందే ఉన్నారు. సంగతి అప్పటికే ఊరంతా పాకింది. అమూల్య ఈ ఇంట్లోనే ఉంటుందని చెప్పడానికి ఎవరికి వాళ్ళే పోటీ పడ్డారు. బ్రహ్మానందం పార్టీ వాళ్ళు ఒక పక్క, లక్ష్మీనారాయణ పార్టీ వాళ్ళు ఒక పక్క. ఒకావిడ ఆ పిల్ల పుట్టిన నక్షత్రం కూడా చెప్పింది.

“చాలండీ, చాలు,” అన్నాడు దేవానందం, చెవులు మూసుకున్నంత పని చేస్తూ. “ఈ మండలంలో ఏ ఇంటికెళ్ళినా మనుషులుండరు. ఇక్కడేమో అవసరానికి మించి ఉన్నారు.”

ఫోటోలో అమూల్య ఒక్కతే ఉండాలి. రామాయమ్మ మాత్రం పక్కకు జరగనంది. ఆమెను జరపడానికి ఎస్తేరు వచ్చి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఆర్డరు ఆ తర్వాతి వారం వచ్చింది. అమూల్య మేడ మీద నుంచి అరిచిన అరుపుకు హైమావతి పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తింది. ఫోను తెర మీద అక్షరాలు ఆమెకు సరిగా కనిపించలేదు. కూతురు చదివి వినిపించింది. వచ్చే నెల మొదటి రోజున చేరాలి. ఏడాది కాంట్రాక్టు, బాగా చేస్తే పొడిగిస్తారు.

“ఏడాదేనా?” అన్నాడు లక్ష్మీనారాయణ కింద నుంచి.

“ఏడాది చేస్తే చేతికి పనొస్తది నాన్నా. చేసినవన్నీ చూపించి ఇంకోచోట అడగొచ్చు. ఆసుపత్రులూ, స్కూళ్ళూ, కంపెనీలూ, అందరికీ ఇప్పుడు ఈ పని కావాలి. నేను కాదన్న పనులు కాకుండా నాకు నచ్చిన పని వెతుక్కోవచ్చు.”

ఆయన చెప్పులేసుకుంటూ, “పేజీకి వేరే ఎవుర్నన్నా చూసుకోమని చెప్పొస్తా ఆయనకి,” అని బయటికెళ్ళాడు. ఎవరూ అడగకుండానే.

పాలు పొంగి పొయ్యంతా అయింది. హైమావతి దాన్ని తుడిచింది. తుడిచాక ఇంకేం చేయాలో తోచలేదు. అన్నం వండాలి, బట్టలు మడతపెట్టాలి, కూతురికి ఊరగాయలు కట్టాలి. ఏదీ చేయాలనిపించలేదు. నడింట్లో చల్లటి గచ్చు మీద, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. ఎప్పుడు నిద్రపట్టిందో ఆమెకే తెలియదు.

అమూల్య మెట్లు దిగుతూ చూసి, చప్పుడు చేయకుండా పక్కనుంచి వంటింట్లోకి వెళ్ళింది. రామాయమ్మ ఫ్యాను రెగ్యులేటరు ఒక గీత పెంచింది. ఎసట్లో బియ్యం కూడా ఆమే పోసింది.